ఆయన పేరున వచ్చిన ఉత్తరాలు: ఒక సెటిల్‌మెంట్ హౌస్ కేసు

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో వందేళ్లు దాటిన ఒక సెటిల్‌మెంట్ హౌస్‌లో కేస్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. హౌస్ పేరు చెప్పను, చెబితే ఆవిడ ఎవరో ఆ వీధి వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఆవిడని ఇక్కడ డోన్యా రోసా అంటాను. ప్యూర్టోరికో వాళ్లు పెద్దావిడల్ని గౌరవంగా అలా పిలుస్తారు, అసలు పేరు వేరు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, డబ్బు లెక్కలు అటూఇటూగా రౌండ్ చేశాను. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశాం, ఎందుకు వేశాం అన్నది మాత్రం మార్చలేదు, నేర్చుకోవాల్సిందంతా అందులోనే ఉంది. బస్తీల్లో తిరుగుతూ పింఛన్లకీ కార్డులకీ జనంతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగే తెలుగు మిత్రులు చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందనే తెలుగులో రాస్తున్నాను.

నేపథ్యం

ముందు సెటిల్‌మెంట్ హౌస్ సంగతి. 1884లో లండన్‌ వైట్‌చాపెల్‌లో సామ్యూల్ బార్నెట్, హెన్రియెట్టా దంపతులు టాయిన్‌బీ హాల్ పెట్టారు. చదువుకున్నవాళ్లు దూరం నుంచి దానం పంపడం కాదు, పేదల పేటలోకి వచ్చి కాపురం ఉండాలి, పక్కింటివాళ్లలా బతకాలి అన్నది దాని ఆలోచన. అది చూసి 1886లో న్యూయార్క్‌లో నైబర్‌హుడ్ గిల్డ్, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్‌ల హల్ హౌస్ మొదలయ్యాయి. 1893లో లిలియన్ వాల్డ్ అనే నర్సు ఇదే లోయర్ ఈస్ట్ సైడ్‌లో పని మొదలుపెట్టింది, అదే తర్వాత హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అయింది. వాల్డ్ నర్సులు ప్రతి బిల్డింగుకీ మెట్లు దిగి ఎక్కే శ్రమ తప్పించుకోవడానికి డాబా మీద నుంచి పక్క డాబా మీదకి దాటుకుంటూ రోగుల ఇళ్లకి వెళ్లేవారు. ఆ ఫోటో చాలా ప్రసిద్ధం.

మన దేశానికీ ఈ గాలి సోకింది. 1920లలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ బొంబాయిలో నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ నడిపాడు. 1936లో అక్కడ మొదలైన సోషల్ వర్క్ స్కూలే ఇవాళ్టి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్). టిస్‌లో చదివి బయటికొచ్చిన మన తెలుగు పిల్లలందరికీ ఒక రకంగా ఇది పుట్టిల్లు. నాగ్‌పాడా పక్కనే ఉన్న కామాఠీపురకి ఆ పేరొచ్చింది నిజాం ఇలాకా నుంచి కూలిపనులకి వలసపోయిన మన తెలుగు కామాఠీల వల్లే.

మా పేటలో వందేళ్ల కింద యూదులు, ఇటాలియన్లు ఉండేవారు, తర్వాత ప్యూర్టోరికో వాళ్లు, చైనా వాళ్లు వచ్చారు. పేట మారుతూనే ఉంది, హౌస్ అక్కడే ఉంది. ఒకే కప్పు కింద పిల్లల ఆఫ్టర్‌స్కూల్, పెద్దవాళ్ల మధ్యాహ్న భోజనం, కౌన్సెలింగ్ క్లినిక్, అద్దె సమస్యలకి హౌసింగ్ క్లినిక్, కుట్టు క్లాసు. చూసేవాళ్లకి కలగాపులగంలా ఉంటుంది కానీ ఈ కేసులో మాకు అక్కరకొచ్చింది ఆ కలగాపులగమే.

వచ్చిన సమస్య

డోన్యా రోసా వయసు డెబ్బై దాటింది. పాత బిల్డింగులో నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. కొన్ని దశాబ్దాలుగా అదే ఇల్లు. ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టింది. భర్త చనిపోయి ఏడాది కావస్తోంది.

అరవై దాటినవాళ్లకి మా దగ్గర మధ్యాహ్నం భోజనం ఉంటుంది. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద నడిచే భోజనం కాబట్టి డబ్బు అడగకూడదు, గుమ్మం దగ్గర ఒక డబ్బా ఉంటుంది, ఇష్టమైనవాళ్లు వేస్తారు, లేకపోతే లేదు. డోన్యా రోసా ఏళ్ల తరబడి రోజూ ఏదో ఒకటి వేసేది. భోజనాల దగ్గర ఉండే మా సిబ్బంది ఒకావిడ మూడు సంగతులు గమనించి నాకు చెప్పింది: డబ్బాలో వేయడం మానేసింది, డబ్బా దాటాల్సిన పని లేకుండా వెనక తలుపు నుంచి వస్తోంది, ప్లేటులో సగం న్యాప్కిన్లలో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. తర్వాత రావడమే తగ్గించింది. అడిగితే "ఏం లేదమ్మా, సరుకులు ఖరీదయ్యాయి కదా" అంది.

కాబట్టి ఫైల్లో మొదటి పంక్తి 'తిండికి ఇబ్బంది' అనే ఉంది.

ఏమేం చేశాం, ఏది పనిచేయలేదు

తిండి అన్నారు కాబట్టి తిండి దగ్గరే మొదలుపెట్టాం. మా ప్యాంట్రీ నుంచి సరుకులు ఇచ్చాం, ఫుడ్ స్టాంపులకి (ఇప్పుడు స్నాప్ అంటారు) దరఖాస్తు నింపుదామని కూర్చున్నాం. ఇంటికే భోజనం పంపే కార్యక్రమం కూడా ఉంది, నాలుగో అంతస్తు కాబట్టి దానికి అర్హత సులువుగానే వచ్చేది. కానీ నేను అది వద్దనుకున్నాను. భోజనం ఇంటికి పంపితే ఆవిడ కిందకి దిగే ఒక్క కారణం కూడా పోతుంది. ఆవిడ రావడం తగ్గిందని మాకు తెలిసింది రోజూ అందరూ కలిసి తినే హాలు ఉండబట్టే కదా.

స్నాప్ దగ్గరే చిక్కుముడి కొస దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే స్నాప్ లెక్కలో అద్దె ఎంత ఎక్కువైతే మినహాయింపు అంత ఎక్కువ, దానికి పైపరిమితి లేదు. అందుకే అద్దె రసీదు తెండి అన్నాను. ప్రతిసారీ "రేపు తెస్తా" అంది, తేలేదు. మిగతా కాగితాలన్నీ నీట్‌గా తెచ్చింది, బ్యాంకు కాగితం, గుర్తింపు కార్డు, కరెంటు బిల్లు, ఒక్క అద్దె కాగితం తప్ప. మనిషి ఏ కాగితం దాస్తున్నారో అక్కడే అసలు బాధ ఉంటుందని ఈ పనిలో చాలాసార్లు చూశాను. సరుకులు ఇస్తూనే హౌసింగ్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ పెట్టాం. సరేనంది, రాలేదు. మళ్లీ పెట్టాం, రాలేదు.

ఇలాంటప్పుడు 'క్లయింట్ స్పందించలేదు' అని రాసి ఫైలు మూసేయొచ్చు. మాకు నిధులిచ్చే కాంట్రాక్టు నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి, నెలాఖరు లెక్కలు కూడా చక్కగా కనిపిస్తాయి. మా సూపర్‌వైజరూ నేనూ మాట్లాడుకుని మూయకూడదనుకున్నాం. పిలిస్తే సరేనని రాకపోవడం వేరు, వద్దనడం వేరు. ఆవిడ వద్దనలేదు.

మరి ఇంటికి వెళ్లాలా? వెళ్తే ఎలా వెళ్లాలి? ఆఫీసు బ్యాడ్జీ వేసుకుని తలుపు కొడితే ఓనరు పంపిన మనిషి అనుకునే ప్రమాదం ఉంది. అందుకని కుట్టు క్లాసుకి వచ్చే ఒక పెద్దావిడ సాయం అడిగాను. వీళ్లిద్దరూ ఒకప్పుడు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు. డోన్యా రోసా సంగతులేవీ నేను ఆవిడకి చెప్పలేదు, "మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, వస్తాం అని ఒకమాట అడిగి చెప్పండి" అన్నాను, అంతే. మర్నాడే కబురొచ్చింది, కాఫీకి రమ్మంది.

డబ్బాలో ఏముంది

వంటింటి బల్ల మీద డేనిష్ బిస్కెట్ల నీలం రేకు డబ్బా. అన్ని దేశాల్లోనూ అందులో సూదీ దారం దాచుకుంటారు, ఈవిడ కాగితాలు దాచింది. పైన రబ్బరు బ్యాండు వేసిన మనీ ఆర్డర్ రసీదులు, నెల ప్రకారం వరసగా, ఒక్కొక్కటీ 720 డాలర్లకి. కింద కవర్లు, పాతికా ముప్ఫై ఉంటాయి, ఒక్కటీ తెరవలేదు. సైజుల ప్రకారం సర్ది పెట్టింది. అన్నింటి మీదా భర్త పేరే.

తెరవలేదేమని అడిగితే, "అవి ఆయనవి. ఆయన ఉత్తరం నేనెప్పుడూ తెరవలేదు" అంది.

అక్కడే కూర్చుని, ఆవిడ అనుమతితో ఒక్కొక్కటీ తెరిచాం. కథ మొత్తం అందులోనే ఉంది. న్యూయార్క్‌లో 1970 నుంచి ఒక పథకం ఉంది, దాన్ని స్క్రీ అంటారు. 62 ఏళ్లు దాటి, నియంత్రిత అద్దె ఇంట్లో (అద్దె ఓనరు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి వీల్లేని ఇల్లు) ఉంటూ, ఏడాదికి ఇంటి మొత్తం ఆదాయం నిర్ణీత పరిమితి (ఈ కేసప్పటికి 50,000 డాలర్లు) లోపు ఉండి, ఆదాయంలో మూడో వంతు కంటే ఎక్కువ అద్దెకే పోతుంటే, అద్దె అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత పెరిగినదంతా ఓనరుకి ఆస్తిపన్నులో తగ్గిస్తారు, ఓనరు నష్టపోడు, అద్దెకున్నవాళ్లు నిలబడతారు. వీళ్లకి అద్దె 720 దగ్గర ఆగింది, చట్టప్రకారం అద్దె మాత్రం 1,500కి చేరింది. పథకం భర్త పేరు మీద ఉంది, లీజు కూడా ఆయన పేరు మీదే. ఆయన పోయిన కొన్నాళ్లకి రెన్యువల్ ఫారం వచ్చింది, ఆయన పేరున. జవాబు లేకపోయేసరికి పథకం ఆగిందని ఇంకో ఉత్తరం వచ్చింది, అదీ ఆయన పేరుకే. అప్పటినుంచి బిల్లు 1,500 అయింది. ఆ బిల్లూ ఆయనదే కాబట్టి ఈవిడ తెరవలేదు, ఎప్పటిలాగే పోస్టాఫీసుకెళ్లి 720కి మనీ ఆర్డర్ తీసి పంపింది. అంత్యక్రియల అప్పు తీర్చాల్సి వచ్చి ఒకటి రెండు నెలలు తప్ప ఏనాడూ మానలేదు. నెలకి 780 చొప్పున బాకీ పెరుగుతూ పోయింది.

ఆదాయం వైపు కూడా దెబ్బ పడింది. ఇద్దరూ ఉన్నప్పుడు రెండు సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) చెక్కులు వచ్చేవి, ఆయనది 1,400, ఈవిడది 700. భర్త పోతే రెండూ రావు, రెండింట్లో పెద్దది ఒక్కటే వస్తుంది. అంటే 2,100 కాస్తా 1,400 అయింది. చావు ఖర్చుకి సోషల్ సెక్యూరిటీ ఇచ్చేది ఒకే ఒక్కసారి 255 డాలర్లు, ఎన్నో ఏళ్లుగా అదే మొత్తం.

ఓనరు ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాక, ఎంత బాకీయో ఎందుకు బాకీయో తెలియకుండానే, తిండి తగ్గించి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టింది. వెనక తలుపు నుంచి రావడం వెనక ఉన్న కథ ఇది.

ఫ్లోరిడాలో ఉన్న కూతురు అప్పటికే ఒక ప్రయత్నం చేసిందని అప్పుడే తెలిసింది. అద్దె బాకీ పడ్డవాళ్లకి నగరం ఒకసారికి ఇచ్చే అత్యవసర సాయం ఉంది, వన్ షాట్ డీల్ అంటారు, దానికి ఆన్‌లైన్‌లో పెట్టింది. తిరస్కరించారు. బాకీ కట్టేస్తే సరిపోదు, రాబోయే నెలల అద్దె కట్టగలరని చూపించాలి. 1,400 ఆదాయంతో 1,500 అద్దె ఎవరు కట్టగలరు? కూతురు చేసిన పని సరైనదే, వరసే తిరగబడింది. ముందు అద్దె తగ్గాలి, ఆ తర్వాతే బాకీకి సాయం అడగాలి.

ఏది పనిచేసింది

మేం వెళ్లేసరికి కోర్టు కాగితం తలుపుకి అంటించి కొద్ది రోజులే అయింది. అద్దె బాకీ కేసులో కాగితం అందిన 10 రోజుల్లోపు జవాబు దాఖలు చేయాలి, లేకపోతే ఏకపక్షంగా తీర్పు వచ్చేయొచ్చు. అందుకని మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ పని చూశాం. 2017 చట్టం ప్రకారం తక్కువ ఆదాయం ఉన్న కిరాయిదారులకి హౌసింగ్ కోర్టులో ఉచిత లాయరు దొరుకుతారు. మా హౌసింగ్ క్లినిక్ ద్వారా ఒక లాయరు వచ్చారు, 111 సెంటర్ స్ట్రీట్‌లోని మన్‌హాటన్ హౌసింగ్ కోర్టులో జవాబు పడింది. ఊపిరి పీల్చుకున్నాం.

ఈలోగా ఇంకో ప్రశ్న వచ్చింది. కవర్లు తెరవని, తిండి మానేసిన, ఇల్లు పోయే స్థితిలో ఉన్న ఒంటరి పెద్దావిడ అంటే చాలామందికి వెంటనే గుర్తొచ్చేది వృద్ధుల రక్షణ విభాగానికి రిపోర్ట్ చేయడం. వాళ్లు వస్తే కోర్టులో ఆవిడ తరఫున మాట్లాడటానికి గార్డియన్‌ని పెట్టించగలరు, కొన్ని కేసుల్లో అదే ప్రాణం నిలబెడుతుంది. టీమ్‌లో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. నేను వద్దన్నాను, నాకున్న ఆధారం ఆ రసీదులే. ఆ ఒకటి రెండు నెలలు తప్ప నెలనెలా తేదీ తప్పకుండా అద్దె పంపిన మనిషికి తన పనులు తాను చూసుకోవడం రాదని ఎలా అంటాం? తన చేతిలో ఉన్నదంతా చక్కగా నడిపింది. ఆయనదైనదేదీ ముట్టుకోలేకపోయింది, అంతే. సాయం చేసేవాళ్లు కూడా ఇప్పుడు పక్కన ఉన్నారు. గార్డియన్ వస్తే ఆవిడకి మిగిలిన కాస్త పెత్తనం కూడా పోయేది.

తర్వాత స్క్రీ. భర్త పేరున ఉన్న లాభాన్ని భార్య తన పేరుకి మార్చుకోవచ్చు, కానీ ఆయన చనిపోయిన 6 నెలల్లో గానీ, పథకం ఆగిందన్న నోటీసు వచ్చిన 90 రోజుల్లో గానీ, ఏది ఆలస్యమైతే దాని లోపల అడగాలి. రెండూ దాటిపోయాయి. కొత్తగా దరఖాస్తు పెడితే ఇప్పటి పెద్ద అద్దె దగ్గరే ఆగుతుంది, 1,500 దగ్గర ఆగి ఏం లాభం? కాబట్టి కొత్త దరఖాస్తు వద్దు, ఆలస్యాన్ని మన్నించమనే అడగాలి అనుకున్నాం. అనారోగ్యం, మానసిక స్థితి కారణంగా గడువు దాటితే పొడిగింపు అడిగే వీలుంది.

ఇక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. ఒక పక్క ఆవిడ సమర్థురాలు, గార్డియన్ అక్కర్లేదు అంటున్నాం, ఇంకో పక్క మానసిక కారణంతో గడువు దాటింది అంటున్నాం. రెండూ నిజమే, కానీ కాగితం మీద ఒకదాన్ని ఒకటి కొట్టేయకుండా ఉండాలి. మా క్లినిక్‌లో డాక్టరు ఆవిడని చూసి, మాట్లాడి, భర్త చావుకి సంబంధించిన విషయాల్లో మాత్రమే ముందుకి కదలలేని స్థితి, మిగతా రోజువారీ పనుల్లో ఏ లోపమూ లేదు అని ఉన్నదున్నట్టు రాశారు. డిప్రెషన్ అనే మాట చూసి డోన్యా రోసా ముఖం మాడ్చుకుంది. "నాకు పిచ్చి లేదు" అంది. డాక్టరు ఆవిడ పక్కన కూర్చుని ఉత్తరం మొత్తం స్పానిష్‌లో చదివి వినిపించి, మీకు ఒప్పైతేనే పంపుతాం అన్నాకే సంతకం పెట్టింది. అందుకు కొన్ని రోజులు పట్టింది, గడువు తరుముతున్నా ఆగాం. తనకి నచ్చని మాటని వెనకనుంచి పంపి ఉంటే ఆ తర్వాత ఆ డబ్బా మాకోసం తెరిచేది కాదు.

పేరు మారాలంటే ఇంటి మీద హక్కు కూడా చూపాలి, లీజులో ఈవిడ పేరే లేదు. 62 దాటిన భార్య అయితే భర్త పోవడానికి ముందు కనీసం ఒక ఏడాది అదే ఇంట్లో ఆయనతో ఉన్నట్టు రుజువు చేస్తే వారసత్వ హక్కు వస్తుంది. ప్యూర్టోరికోలో రిజిస్టరైన పెళ్లి కాగితం దొరికింది. కలిసి ఒకే ఇంట్లో ఉన్నారని చూపే కాగితాలు మాత్రం తక్కువ, బిల్లులన్నీ ఆయన పేరువే కదా. అప్పుడు మా రికార్డు గదిలోకి వెళ్లాం. భోజనాలకి పేరు నమోదు చేసుకునేటప్పుడు ప్రతి ఒక్కరి దగ్గరా అడ్రసు రాయించుకుంటాం, కొన్నేళ్లకోసారి కొత్తగా నింపిస్తాం. ఇద్దరి ఫారాలూ ఉన్నాయి, ఏళ్ల వెనక నుంచి, అదే బిల్డింగు, అదే ఫ్లాటు నంబరు, ఈవిడ చేతిరాతతో. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట ఆయన ఈవిడ పేరు రాశాడు, ఈవిడ ఆయన పేరు రాసింది. ఆవిడ సంతకంతో అనుమతి తీసుకుని లాయరుకిచ్చాం. వందేళ్లుగా ఒకే చోట ఉన్న సంస్థకి ఇలాంటి కాగితాలు వాటంతట అవే పోగవుతాయి. మూడేళ్ల గ్రాంటు కోసం పుట్టి, గ్రాంటుతోపాటు పోయే కార్యక్రమానికి ఇది సాధ్యం కాదు.

ఓనరు ఒప్పుకుంటాడా అన్నది ఆఖరి సందేహం. లాయరు చక్కగా ఆలోచించారు. 2019లో అద్దె చట్టం మారింది, ఇల్లు ఖాళీ అయితే అద్దె ఒక్కసారిగా పెంచుకునే అవకాశం, నియంత్రణ నుంచి తప్పించే అవకాశం రెండూ పోయాయి. కాబట్టి ఓనరుకి కావలసింది ఇల్లు కాదు, డబ్బు. పేరు మార్పు మంజూరైతే ఆ 780 మీకు పన్ను తగ్గింపుగా వస్తుంది, ఈవిడని పంపేస్తే ఏమీ రాదు అని లెక్క వేసి చూపించారు. మంజూరు వచ్చేదాకా కేసు వాయిదా వేయడానికి ఒప్పుకున్నాడు, లీజులో పేరు చేర్చడానికీ ఒప్పుకున్నాడు.

మంజూరు రావడానికి నెలలు పట్టింది. వచ్చాక 720 తిరిగి నిలబడింది, బాకీలో చాలా భాగం పన్ను తగ్గింపుగా ఓనరుకి జమైంది. ఆదాయం శాశ్వతంగా 20 శాతానికి మించి పడిపోయింది కాబట్టి ఆ అద్దెని ఇంకా తగ్గించమని కూడా అడిగాం, 500 లోపుకి వచ్చింది. కట్టని ఆ ఒకటి రెండు నెలలకి వన్ షాట్ మళ్లీ పెట్టాం. ఈసారి రాబోయే అద్దె కట్టగలరని కాగితమే చెబుతోంది, ఇచ్చారు. కేసు కొట్టేశారు. స్నాప్ కూడా వచ్చింది.

దీని తర్వాత ఏం మార్చాం

మా సభ్యుల్లో ఎవరైనా పోతే ముందు కూడా పరామర్శకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు నెల తర్వాత ఇంకోసారి వెళ్తున్నాం, ఒకే ప్రశ్నతో: ఆయన పేరున ఏమేం ఉన్నాయి? లీజు, స్క్రీ, కరెంటు, ఫోను, బ్యాంకు, స్నాప్ అన్నీ వరసగా అడుగుతాం. మన దగ్గర ఈ జాబితా వేరుగా ఉంటుంది, రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటరు, పింఛను, పట్టాదారు పాస్‌బుక్కు, కానీ అవి చాలా ఇళ్లలో ఇంటాయన పేరుకే ఉంటాయి, ఆయన పోయాక నోటీసులు ఆయనకే వస్తాయి. బస్తీల్లో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న ఒక్కటి అలవాటు చేసుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ రెండో పరామర్శ ఏ కాంట్రాక్టులోనూ లెక్కకి రాదు. భోజనం పెడితే ఒక యూనిట్, కౌన్సెలింగ్ చేస్తే ఒక యూనిట్, రాని మనిషి ఎందుకు రాలేదని వెళ్లి చూసొస్తే యూనిట్ లేదు. ప్రభుత్వ కాంట్రాక్టుల మీదే ఎక్కువగా ఆధారపడ్డ హల్ హౌస్ సంస్థ 2012 జనవరిలో దివాలా తీసి మూతపడిన సంగతి ఈ రంగంలో ఎవరూ మర్చిపోలేదు. అందుకే ఈ సందర్శనల ఖర్చుని పేటలోని పాత సభ్యులూ వాళ్ల పిల్లలూ ఇచ్చే చిన్న విరాళాల నుంచి తీస్తున్నాం. అది పెద్ద మొత్తమేమీ కాదు, ఎంతకాలం సరిపోతుందో ఏటా కూర్చుని లెక్క చూసుకోవాల్సిందే.

డోన్యా రోసా ఫైలు ఇంకా తెరిచే ఉంది, రెన్యువల్ మళ్లీ వస్తుంది కాబట్టి. స్క్రీ దరఖాస్తులో ప్రతినిధి పేరు రాసే చోటు ఒకటి ఉంటుంది, అది నింపితే నోటీసుల కాపీ ఆ మనిషికి కూడా వస్తుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఆవిడ అక్కడ కూతురి పేరు రాసింది. మేం మిగతా దంపతులందరి ఫారాలూ తీసి ఒక్కొక్కరినీ పిలిచి ఆ గడి నింపిస్తున్నాం, ఇంకా సగం మంది ఉన్నారు.